నిర్వచనంలో లేని నింద: డిస్లెక్సియాపై ఒక వ్యాఖ్యానం

అవతారిక

2016లో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకునేది. కొత్త చట్టం ఆ జాబితాను 21కి పెంచింది. అలా కొత్తగా చేరినవాటిలో చదువుతో నేరుగా ముడిపడినది నిర్దిష్ట అభ్యసన వైకల్యం. డిస్లెక్సియా అందులో భాగమే. చట్టం చివర జతచేసిన షెడ్యూలులో దీనికి ఒకే ఒక్క వాక్యంలో నిర్వచనం ఉంది. ఆ వాక్యం వకీళ్ల దగ్గర, వైద్య బోర్డుల దగ్గర ఆగిపోయింది. పుస్తకం తెరవగానే బిక్కమొహం వేసే బిడ్డ ఉన్న ఇంటికీ, ఆ బిడ్డకు పాఠం చెప్పే పంతులమ్మకూ అది చేరలేదు. వాళ్ల కోసమే ఈ వ్యాఖ్య.

మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పే కోలాచల మల్లినాథసూరి, కావ్యాలకు వ్యాఖ్యలు రాసేటప్పుడు మూలంలో లేనిది చేర్చనని నియమం పెట్టుకున్నాడు. డిస్లెక్సియా విషయంలో ఆ నియమం మనకు మరీ అవసరం. బద్ధకం, మొద్దుతనం, శ్రద్ధ లేకపోవడం, తల్లి గారాబం అనే మాటలు నిర్వచనంలో ఎక్కడా లేవు. అవన్నీ మనం చేర్చినవి. మనం చేర్చినదాని బరువు మోస్తున్నది మాత్రం పిల్లలు.

మూలం

నిర్వచనం సారాంశం ఇది: మాట్లాడే భాషనో రాసే భాషనో మెదడు అందుకుని వాడుకునే ప్రక్రియలో లోపం ఉన్న, ఒకదానితో ఒకటి పోలని పరిస్థితుల సముదాయమే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు. ఆ లోపం గ్రహించడంలో, మాట్లాడడంలో, చదవడంలో, రాయడంలో, అక్షరక్రమంలో, లెక్కలు చేయడంలో కష్టంగా కనబడవచ్చు. ఇంద్రియగ్రహణ వైకల్యాలు, డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా, డిస్‌ప్రాక్సియా, ఎదుగుదలలో వచ్చే అఫేసియా వంటివి ఇందులోకి వస్తాయి.

ఇక ఒక్కొక్క పదం.

నిర్దిష్ట

ఈ కష్టానికి హద్దు ఉందని చెప్పే పదం ఇది. లోపం ఒక చోటే ఉంది, మిగతా చోట్ల బిడ్డ అందరిలాగే ఉన్నాడు, కొన్నిచోట్ల అందరికంటే చురుగ్గా కూడా ఉండవచ్చు.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశాడు. ఆ అబ్బాయి తెలివైనవాడు, ఆటల్లో దిట్ట. అంకెలు చదవగలడు, లెక్కలు చేయగలడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా అచ్చులో ఉన్న చిన్న చిన్న మాటలు కూడా చదవలేకపోయేవాడు. పాఠాలన్నీ నోటిమాటగా సాగితే బడి మొత్తంలో మేటి విద్యార్థి ఇతడే అయ్యేవాడని అతనికి చదువు చెప్పిన ఉపాధ్యాయుడు అన్నాడట. నూట ముప్పై ఏళ్ల కిందట ఆ ఉపాధ్యాయుడు చూసిన తేడానే ఈ పదం పట్టి చెబుతోంది.

ఇంట్లోనే ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. బిడ్డ తడబడుతున్న సైన్సు పాఠాన్ని మీరే నెమ్మదిగా చదివి వినిపించండి. తర్వాత ప్రశ్నలడగండి. విని చెప్పిన జవాబు బాగుండి, తానే చదివి చెప్పిన జవాబు కుంటుపడితే, కష్టం పాఠంలోని విషయంతో కాదు, అచ్చు అక్షరాలతో అని ఒక ఆనవాలు దొరికినట్టే. ఇదే రోగనిర్ధారణ అనుకోకూడదు. నిపుణుడి దగ్గరకు వెళ్లడానికి తగిన కారణం మాత్రం అవుతుంది.

ఒకదానితో ఒకటి పోలని పరిస్థితుల సముదాయం

డిస్లెక్సియా ఉన్న ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు. ఒకరు ప్రతి మాటనూ తప్పు లేకుండానే చదువుతారు, కానీ ఒక పేజీ పూర్తయ్యేసరికి అలసిపోతారు. ఇంకొకరు గబగబా చదువుతూ మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేస్తారు. మరొకరు పెద్దయ్యేసరికి చదవడం వరకూ గట్టెక్కుతారు, రాత దగ్గర మాత్రం దీర్ఘాలు, వత్తులు ఎగిరిపోతూనే ఉంటాయి. కొందరిలో దీనికి తోడు ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ ఉంటుంది.

పక్కింటి అబ్బాయికి పనికొచ్చిన పద్ధతి మన అమ్మాయికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. అందుకే పరీక్ష ఒక్కో బిడ్డకూ విడిగా జరగాలి. చదివే వేగం, తప్పుల తీరు, విన్నదాన్ని గుర్తుంచుకునే శక్తి, ధ్వనులను విడదీసే నేర్పు వేర్వేరుగా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా నూటికి అయిదు నుంచి పది మందికి ఏదో ఒక స్థాయిలో డిస్లెక్సియా ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారన్నమాట. ఆ ఇద్దరు ముగ్గురూ ఒకే రకంగా తడబడరు కాబట్టే టీచరు కళ్లకు ఒకే సమస్యగా కనబడరు.

భాషను అందుకుని వాడుకునే ప్రక్రియ

నిర్వచనానికి గుండెకాయ ఈ పదమే. లోపం కంటిలోనో చెవిలోనో ఉందని మూలం అనలేదు. భాషను మెదడు నడిపించే తీరులో ఉందంది.

మాట్లాడడం మనిషికి ఎవరూ బడి పెట్టి నేర్పనక్కర్లేదు, చుట్టూ మాటలు వినబడితే చాలు. రాత అలా కాదు. మనుషులు రాయడం మొదలుపెట్టి సుమారు అయిదు వేల ఏళ్లే అయింది. చదవడం కోసమంటూ మెదడులో పుట్టుకతో వచ్చే చోటు లేదు. మాటల ధ్వనిని పట్టే భాగాలనూ, ఆకారాలను గుర్తుపట్టే భాగాలనూ ప్రతి బిడ్డా తన మెదడులో కొత్తగా కలుపుకోవాలి. ఈ పని ఎక్కువగా ఎడమ అర్ధభాగంలో జరుగుతుంది. డిస్లెక్సియాలో ఈ కలయిక కష్టంగా, ఆలస్యంగా ఏర్పడుతుంది. చాలామందిలో దాని మూలం ధ్వని దగ్గర ఉంటుంది. ‘కాలు’ అనే మాటలో ముందున్న ‘క్’ ధ్వనిని తీసి ‘ప్’ పెడితే ‘పాలు’ అవుతుందని చెవితోనే పట్టుకునే నేర్పు వీళ్లకు సులువుగా అబ్బదు. ధ్వని విడిగా వినబడనప్పుడు దానికి అక్షరాన్ని అతికించడమూ కుదరదు.

ఇది వంశంలో పారే లక్షణం కూడా. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. అబ్బాయి మార్కుల చీటీ చూపించినప్పుడు, “నాకూ చిన్నప్పుడు ఇంతేనండీ, చదువు అబ్బలేదు” అని తండ్రులు అనడం వెనుక చాలాసార్లు ఈ సంగతే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కంటి వ్యాయామాలతో, రంగు కళ్లద్దాలతో డిస్లెక్సియా పోతుందని చెప్పేవాళ్లున్నారు. వాటికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. చూపు పరీక్ష తప్పకుండా చేయించాలి, చూపులో లోపముంటే అద్దాలూ పెట్టించాలి. కానీ ఆ అద్దాలు డిస్లెక్సియాకు మందు కావు. అక్షరాలను తిరగేసి రాయడం ఒక్కటే చూసి భయపడనూ అక్కర్లేదు. అయిదారేళ్ల పిల్లల్లో అది మామూలే.

మాట్లాడే, రాసే

నిర్వచనం మాటను ముందు పెట్టి రాతను తర్వాత పెట్టింది. బిడ్డ జీవితంలోనూ ఆనవాళ్లు ఆ వరసలోనే వస్తాయి. మాటలు ఆలస్యంగా రావడం, ‘బహుమతి’ని ‘బమహుతి’ అన్నట్టు అక్షరాల చోటు మార్చి పలకడం వయసు దాటినా పోకపోవడం, రంగుల పేర్లు తెలిసినా చూపించగానే టక్కున చెప్పలేకపోవడం, వారాల పేర్లు వరసలో నిలవకపోవడం బడికి ముందే కనబడవచ్చు. వీటిలో ఒకటి రెండు ఉన్నంత మాత్రాన డిస్లెక్సియా అని కాదు. కుటుంబంలో ఇంకెవరికైనా ఉండి, ఇవీ ఉంటే గమనిస్తూ ఉండాలి.

ఈ వయసులో చేయగల మేలు ఖర్చులేనిది. బిడ్డతో మాటల ఆటలు ఆడడమే. ‘నగరం’లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగిలింది? ‘గ’తో మొదలయ్యే మాటలు ఎన్ని చెప్పగలవు? ‘పలక’ అనే మాటకు ఎన్నిసార్లు చప్పట్లు కొట్టాలి? అమ్మమ్మ ఒడిలో సాగే ఈ ఆటలు చెవిని రాతకు సిద్ధం చేస్తాయి.

కనబడవచ్చు

‘కనబడుతుంది’ అనలేదు, ‘కనబడవచ్చు’ అంది చట్టం. కనబడకుండానూ ఉండవచ్చునని అర్థం. పిల్లలు దాన్ని దాచిపెడతారు మరి.

మన బడుల్లో వల్లె వేయడం బాగా అలవాటు. చురుకైన బిడ్డ పక్కవాళ్లు చదివేది విని పాఠం మొత్తం కంఠతా పట్టేస్తుంది. బొమ్మను చూసి ఇది ఏ పేజీయో గుర్తుపట్టి గడగడా అప్పజెబుతుంది. వేలు పెట్టి మధ్యలో ఒక మాట చదవమంటే ఆగిపోతుంది. రెండో తరగతి దాకా ఇలా నెట్టుకు రావచ్చు. పాఠాలు పొడవెక్కాక జ్ఞాపకం చాలదు. అప్పుడు పొద్దున్నే కడుపునొప్పి మొదలవుతుంది. తన వంతు రాబోతుందనగా బాత్రూమ్‌కు లేస్తుంది. కొందరు అల్లరి చేసి క్లాసు బయట నిలబడడానికే ఇష్టపడతారు. చదవడం రాదని నలుగురి ముందు తేలడం కంటే అల్లరివాడు అనిపించుకోవడం వాళ్లకు తేలిక. నెమ్మదిగా ఉండే ఆడపిల్లలైతే ఎవరి కంటా పడకుండా వెనకబెంచీలో ఏళ్లు గడిపేస్తారు.

పెద్దవాళ్లూ దాచుకుంటారు. బ్యాంకులో ఫారం ఇంటికి తీసుకెళ్లి నింపుతామనడం, మీటింగులో పైకి చదవాల్సి వస్తే గొంతు బాగాలేదనడం వాళ్ల ఉపాయాలు. సొంత బిడ్డకు పరీక్ష చేయించినప్పుడు గానీ తమ కష్టానికి ఒక పేరుందని చాలామందికి తెలియదు.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడో తరగతిలో, అంటే సుమారు ఎనిమిదేళ్లకు, టీచర్లే పిల్లలను పరిశీలించాలన్నాయి. ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువపత్రం ఇవ్వాలన్నాయి. పద్నాలుగు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షించాలన్నాయి. ధ్రువపత్రానికి ఎనిమిదేళ్లు నిండాలేమో గానీ సాయానికి నిండనక్కర్లేదు. చట్టంలోని 16వ సెక్షను ఈ కష్టాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించే బాధ్యతను బడుల మీదే పెట్టింది. ‘పెద్దయితే వాడే సర్దుకుంటాడు’ అని ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా ఆగడం ఆ బాధ్యతను తప్పించుకోవడమే.

చదవడం, రాయడం, అక్షరక్రమం

తెలుగు పిల్లల విషయంలో మనం ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే. డిస్లెక్సియా గురించి దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు చదివే పిల్లలను చూసి రాసినవి. తెలుగు లిపి మేలు వేరు, కష్టం వేరు.

మేలు ఏమిటంటే, తెలుగులో అక్షరానికి ధ్వని దాదాపు స్థిరం. ‘క’ ఎక్కడున్నా ‘క’యే. ఇంగ్లీషులో దో, త్రూ, టఫ్ అని మూడు రకాలుగా పలికే మాటల చివర అవే నాలుగు అక్షరాలుంటాయి. ధ్వనిని పట్టడమే కష్టమైన బిడ్డకు ఈ నిలకడలేని తీరు రెట్టింపు భారం.

కష్టం ఏమిటంటే, నేర్చుకోవాల్సిన రూపాలు చాలా ఎక్కువ. ఒక్కో హల్లుకూ గుణింతం, ఆపైన వత్తులు కలిస్తే గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లోకి వెళతాయి. ప, వ, మ, ఫ, ష, ఘ దగ్గరి పోలికలతో ఉంటాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. అన్నిటికంటే మించి, పలికే వరసా రాసే వరసా ఒక్కోసారి కలవవు. ‘స్త్రీ’ పలికేటప్పుడు దీర్ఘం చివర వినబడుతుంది, రాసేటప్పుడు అది మొదటి అక్షరమైన స మీద గుడి దీర్ఘంగా కూర్చుంటుంది. ‘కీర్తి’లో త తర్వాత పలికే ఇకారానికి గుర్తు ర మీద పడుతుంది. చెవి ఒక వరస చెబుతుంటే కన్ను మరో వరస చూపుతుంది. మామూలు పిల్లలకే కొంతకాలం పట్టే ఈ సర్దుబాటు, డిస్లెక్సియా ఉన్న బిడ్డకు ఏళ్లు పడుతుంది. తెలుగుకు అక్కచెల్లెలి వంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, మామూలు పిల్లలు కూడా ఈ అక్షరాలన్నీ పట్టుకోవడానికి ఇంగ్లీషు అక్షరమాల కంటే ఎక్కువ ఏళ్లు తీసుకుంటారని చూపింది.

లిపి మారితే కష్టం పైకి కనబడే రూపు మారుతుంది, మూలం మారదు. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు చదివే డిస్లెక్సియా ఉన్న పెద్దలను పోల్చింది. అక్షరానికి ధ్వని స్థిరంగా ఉండే ఇటాలియన్ చదివేవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువ తప్పులు చేశారు. మెదడు స్కానులో మాత్రం మూడు భాషలవాళ్లలోనూ ఎడమవైపు అదే ప్రాంతం తక్కువగా పనిచేస్తూ కనబడింది. దీన్నిబట్టి తెలుగు బిడ్డలో తప్పులకంటే నెమ్మదినే ముందు చూడాలి. ఐదో తరగతికి వచ్చినా ప్రతి మాటనూ కూడబలుక్కుంటూ చదివే పిల్లవాణ్ని, ‘తప్పులేం లేవు కదా’ అని వదిలేయకూడదు. శక్తంతా కూడబలుక్కోవడానికే ఖర్చయితే అర్థం చేసుకోవడానికి మిగిలేదేమీ ఉండదు.

ఇంగ్లీషు మీడియం పిల్లవాణ్ని ఇంగ్లీషులోనే పరీక్షించి తీర్పు చెప్పడమూ సరికాదు. ఇంట్లో ఇంగ్లీషు వినబడని బిడ్డ దాన్ని చదవలేకపోవడానికి కారణం ఆ భాష రాకపోవడమే కావచ్చు. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల కోసం డాలీ అనే పరీక్షా సాధనాలను విడుదల చేసింది ఈ ఇబ్బంది తీర్చడానికే. మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చాయి. బిడ్డకు వచ్చిన భాషలన్నిటిలో చదివించి చూడడమే న్యాయమైన పరీక్ష.

డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా మొదలైనవి

డిస్‌గ్రాఫియా రాతకు, డిస్‌కాల్క్యులియా అంకెలకు, డిస్‌ప్రాక్సియా ఒళ్లూ చేతులూ కదిపే పొందికకు సంబంధించినవి. డిస్లెక్సియాతో కలిసి ఉండవచ్చు, విడిగానూ ఉండవచ్చు. ఇంద్రియగ్రహణ వైకల్యాలు, అఫేసియా అనే పాత పదాలు 1975 నాటి అమెరికా చట్టంలోనూ ఉన్నాయి. ఇప్పుడు పరీక్షలు చేసేవాళ్లు వాటిని అంతగా వాడరు.

వైకల్యం

చట్టం ఈ పదాన్ని ఎక్కడ పెట్టిందో కూడా చూడాలి. షెడ్యూలులో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ‘మేధో వైకల్యం’ అనే శీర్షిక కింద ఉన్నాయి. అదే చట్టం కింద వచ్చిన 2018 మార్గదర్శకాలు మాత్రం ఐక్యూ 85కు పైగా ఉందని తేలాకే ఈ పరీక్షలు చేయాలన్నాయి. శీర్షిక ఒకటి చెబుతోంది, ఆచరణ దానికి విరుద్ధంగా ఉంది. శాస్త్రం ఆచరణ పక్షానే ఉంది: డిస్లెక్సియాకూ మేధ కొరతకూ సంబంధం లేదు. ఈ శీర్షిక మారాలి. ధ్రువపత్రం చేతికొస్తే పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని, బిడ్డకు ముద్ర పడుతుందని తల్లిదండ్రులు వెనకాడుతున్నప్పుడు, చట్టమే ఆ భయానికి ఊతమివ్వకూడదు.

అయినా ‘వైకల్యం’ అనే పదంలోనే హక్కు ఉంది కాబట్టి దాన్ని వదులుకోకూడదు. 17వ సెక్షను పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు పేర్కొంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ పరిధిలోకి వస్తారు. 40 శాతం లేనంత మాత్రాన సహాయకుణ్ని నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరులో, డిస్‌గ్రాఫియా ఉన్న నీట్ అభ్యర్థికి అదనపు సమయం ఇవ్వకపోవడం తప్పని తీర్పిచ్చింది. ఇవి దయతో ఇచ్చే సడలింపులు కావు. తెలిసిన జవాబును రాసేందుకు కావలసిన వ్యవధి ఇవ్వడమే.

తాత్పర్యం

పదాలన్నీ కలిపి చదివితే అర్థమయ్యేది ఇది: కష్టం ధ్వనికీ అక్షరానికీ మధ్య ఉంది, బిడ్డ బుద్ధిలోనూ మనసులోనూ లేదు. కనుక మార్చాల్సింది బోధననూ పరీక్షనూ.

బోధన సంగతి చూద్దాం. ధ్వనుల్ని విడదీసి చూపుతూ, తేలికైన అక్షరాల నుంచి గుణింతాలకు, గుణింతాల నుంచి వత్తులకు వరస తప్పకుండా, ఒకటి గట్టిపడ్డాకే రెండోదానికి వెళ్లే పద్ధతి అవసరం. ధ్వనిని నోటితో పలుకుతూ, చేత్తో పెద్దగా దిద్దుతూ, కంటితో చూస్తూ నేర్చుకోవాలి. మన వీధిబడుల్లో ఇసుకలో అక్షరాలు దిద్దిస్తూ పైకి పలికించేవాళ్లు. ఆ మేలైన అలవాటు ఈ పిల్లలకు ఇవాళా పనికొస్తుంది. రోజూ ఇరవై నిమిషాలు చొప్పున క్రమంగా సాగడం, ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టడం కంటే మేలు. ఇలా నేర్పితే చాలామందిలో చదవడం మెరుగవుతుంది. కొంత నెమ్మది మాత్రం పెద్దయ్యాకా ఉండిపోవచ్చు. దాన్ని ఒప్పుకుని ఏర్పాట్లు చేసుకోవాలి.

చదివే వేగం పెరిగేదాకా విషయజ్ఞానం ఆగిపోకూడదు. పాఠ్యపుస్తకాన్ని అమ్మానాన్నలో, అన్నో అక్కో చదివి వినిపించవచ్చు. తెలుగు పేజీని పైకి చదివి వినిపించే సౌకర్యం ఇప్పుడు ఫోన్లలోనూ ఉంది. క్లాసులో చెప్పాపెట్టకుండా లేపి చదివించడం మానాలి. చదివించాలంటే ముందురోజే ఆ పేరా ఇచ్చి సిద్ధం కానివ్వాలి. సైన్సు, సోషల్ జవాబుల్లో విషయానికి మార్కులు వేయాలి, వత్తులు తప్పినందుకు కోత పెట్టకూడదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు పొడవైన కాగితాలను ముందే అడిగి తెచ్చుకోవడానికి, రాసినదాన్ని ఇంకొకరితో చూపించుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు, బిడ్డకు నిజం చెప్పాలి. “నీకు తెలివి తక్కువ కాదు కన్నా. అక్షరాలు నీకు ఆలస్యంగా వస్తాయి, దానికి పద్ధతి ఉంది, నేర్చుకుందాం” అని చెప్పాలి. తనకే తెలియని తప్పుకు ఏళ్ల తరబడి తిట్లు తిన్న పిల్లలకు ఈ ఒక్క మాటతో సగం భారం దిగిపోతుంది. మిగతా సగం దించాల్సింది బడి. చట్టం ఆ పని బడికే అప్పజెప్పింది. బడి ఆ పని మొదలుపెట్టే దాకా అడుగుతూ ఉండడం తల్లిదండ్రులకున్న హక్కు.